ఖాళీ ఉన్న చోటుకే చేప

కోయంబత్తూరు నుంచి సత్తి రోడ్డు మీద బస్సు గణపతి దాటేదాకా కిటికీలోంచి ఫౌండ్రీల ఇనుప వాసన వస్తూనే ఉంటుంది. శరవణంపట్టి దగ్గర అద్దాల మేడలు మొదలవుతాయి. కోవిల్‌పాళయం దాటాక ఆ మేడలూ పోయి అరటితోటలు, ఎర్రటి దుక్కులు వస్తాయి. ఆడి నెల గాలి పాలక్కాడు కనుమలోంచి తోసుకొచ్చి దుక్కుల మీది దుమ్మంతా తెచ్చి మీ మొహాన కొడుతుంది. అన్నూరు కూడలిలో దిగుతారు. ఇక్కణ్ణించి ఒక దారి మేట్టుపాళయానికి, ఒకటి అవినాశికి, ఒకటి సత్యమంగళానికి. సముద్రం మాత్రం ఎటు పోయినా వంద కిలోమీటర్ల పైమాటే.

మన్నీశ్వరర్ గుడి వైపు నడిచి ఒక పెంకుటింటి ముందు ఆగుతారు. గడప అవతల తమిళం, ఇవతల తెలుగు. విజయనగరం రోజుల్లో, మదురై నాయకుల రోజుల్లో వచ్చి కొంగునాట నిలిచిపోయిన కుటుంబాల్లో చాలావాటి తీరు ఇదే.

"రా అల్లుడా, చెప్పులు ఆడనే ఇడిసి రా. కాళ్ళు కడుక్కుంటే మంచిది, దుమ్ము లోపలికి రాకూడదు."

కాళ్ళు కడుక్కుని హాల్లోకి అడుగు పెడతారు. మొదట తగిలేది వాసన. రేవు దగ్గరి చేపల వాసన కాదిది. తెల్లారి తడిసిన రాళ్ళ దగ్గర వచ్చే, కొంచెం ఉప్పు, కొంచెం పచ్చి వాసన. తరవాత మోటార్ల సన్నని రొద. తరవాత వెలుగు. గోడ పొడవునా నాలుగడుగుల గాజు ట్యాంకు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నిండా నింపితే 450 లీటర్లు. రాళ్ళూ ఇసుకా పోను నీళ్ళు 380 దాకా ఉంటాయి. అయిదేళ్ళుగా నడుస్తున్న ట్యాంకు. రాళ్ళ మీద గులాబీ రంగు నాచు గట్టిగా పట్టేసి, అసలు రాయి ఏ రంగో తెలియకుండా పోయింది.

మామ మీకు కుర్చీ వేస్తాడు, సరిగ్గా ట్యాంకుకు ఎదురుగా. పక్కనే ఇంకో కుర్చీలో ఆయన తల్లి కూర్చుని ఉంది. మీరు అవ్వా అని పలకరిస్తే తల ఊపి మళ్ళీ నీళ్ళ వైపే చూస్తుంది.

"ఇంకో చేప కావాలంట మా పాపకు," అంటాడు మామ. "ఏది ఎయ్యాలో రేపు అంగట్లో చూద్దాము. ఈ పొద్దంతా ఈడ చూడు."

అంగడికి ముందు ట్యాంకు చూడాలన్నది ఆయన పట్టుదల. నా లెక్కలోనూ ఈ విద్యలో సగం అక్కడే ఉంది. కొత్త చేప కొనేవాళ్ళు ఎక్కువమంది చేపను వెతుకుతారు. వెతకాల్సింది ట్యాంకులో మిగిలిన ఖాళీని. నీళ్ళలో ఖాళీ అంటే కంటికి కనిపించే జాగా ఒక్కటే కాదు. పగలు తిరగడానికి ఒక ఎత్తు, రాత్రి దూరి పడుకోవడానికి ఒక సందు, పోటీ లేకుండా దొరికే ఒక రకం మేత, ఈ మూడూ ఎవరిదీ కాకుండా ఒకేచోట ఉంటేనే అది ఖాళీ.

మీరు చూస్తూ కూర్చుంటారు. ఎడమ పక్క గోధుమరంగు లెదర్ కోరల్ ఒకటి, గొడుగులా విప్పుకుని ఉంది. దాని మడతల్లో క్లౌన్ చేపల జంట. పెద్దది ఆడది, చిన్నది మగది. ఈ జాతిలో ప్రతి చేపా మొదట మగదే. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదిగా మారుతుంది. అది చనిపోతే దాని జోడు మగది ఆడదై, తరవాతి పిల్ల మగ జోడీగా ఎదుగుతుంది. వీటిని మామ మండపం అనే తీరపు ఊరి నుంచి, మదురైలో చుట్టాలింట ఒక రాత్రి ఆగి, సంచిలో తెచ్చుకున్నాడు. మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు హేచరీ ఉంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఒకప్పుడు ఆ ఊళ్ళోనే ఉండేది, తరవాత కొచ్చికి వెళ్ళింది. క్లౌన్‌లనూ డామ్సెల్‌లనూ గుడ్డు నుంచి పెంచి పెద్దచేసే పద్ధతి అక్కడి శాస్త్రవేత్తలు కుదిర్చారు. క్లౌన్ గుడ్లు వారం రోజులకు, చీకటి పడ్డాక పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్లకు నోరు ఎంత చిన్నదంటే మొదటి రోజుల్లో రోటిఫర్ అనే కంటికి ఆనని జీవం తప్ప ఏదీ పట్టదు. రోజూ ఆ మేతను పెంచుతూ, రెండు వారాలు దాటిస్తేనే తెల్ల చారలు వస్తాయి. ఎడమ మూల పూర్తిగా ఈ జంటది. మామ చెయ్యి అటు పెడితే ఆడది వచ్చి వేలు కొరుకుతుంది.

నడుమ ఉన్న పెద్ద రాతిగుట్ట చుట్టూ నీలం మెరుపొకటి తిరుగుతోంది. పసుపు తోక డామ్సెల్. బొటనవేలంత ఉంటుంది. చవగ్గా దొరుకుతుంది, గట్టి ప్రాణం, అందుకే కొత్త ట్యాంకుల్లో మొట్టమొదట దీన్నే వేస్తుంటారు. ముందు వచ్చింది కాబట్టి ఆ గుట్ట తనదంటుంది. తరవాత వచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. మెత్తటి చేపను ముందు, గట్టి చేపను చివర వేయమని పెద్దలు చెప్పేది ఇందుకే. ఈ ఇంట్లో ఆ వరస తిరగబడింది. ఇప్పుడు ఏ చేప తెచ్చినా ముందు ఈ డామ్సెల్‌ను దాటుకుని బతకాలి.

కుడి పక్క ఇసుకలో బిలం. బిలం నోట్లో పసుపు గోబీ, దాని ముందు బుల్డోజరులా ఇసుక తోస్తూ పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు దాదాపు లేదు. బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసాన్ని గోబీ ఒంటి మీద ఆనించే ఉంచుతుంది. గోబీ తోక ఒక్కసారి అదిరితే రొయ్య లోపలికి. బిలం తవ్వే పని రొయ్యది, కాపలా గోబీది. ఈ కాపురం నేలది. నీటి మధ్యకు ఎప్పుడూ రాదు.

ఇంకొకటి ఎక్కడుందో మీకు కనిపించదు. అవ్వ వేలు చూపిస్తుంది. వెనక గాజు మీద మచ్చల చేప ఒకటి, మూతి ఆనించి నాచు గీకుతోంది. లాన్‌మోవర్ బ్లెన్నీ. రాళ్ళ మీదా గాజు మీదా పాకే సన్నని పచ్చనాచే దాని బువ్వ. గాజు మీద ముద్దులు పెట్టినట్టు వరసగా గుర్తులు మిగిల్చిపోతుంది.

"పగలు ఇట్లుంటాయి," అంటుంది అవ్వ. ఇంతసేపటికి ఆమె నోరు విప్పడం ఇదే. "రాత్రి చూడాల. క్లౌన్‌లు ఆ గొడుగు కిందనే. నీలిది గుట్టలో ఎడమ బొక్కలో. పాకేది వెనక. కుడి పక్క పైన రాయి అరుగు మాదిరి ముందుకొచ్చి ఉండాది చూడు, ఆ నీడలోకి ఎవురూ పోరు. పగలూ పోరు, రాత్రీ పోరు."

మామ నవ్వుతాడు. "నేను పనికి పోతాను, పాప కాలేజీకి పోతాది. పొద్దంతా చూసేది అమ్మే. నాకు తెలిసిందంతా ఆమె చెప్పిందే."

మీరు ఆ అరుగు కింద చూస్తారు. అడుగు వెడల్పు, ముప్పావు అడుగు లోతు నీడ. అలల మోటారు విసురు అక్కడ నేరుగా తగలదు. నేలకు అర అడుగు పైన, పైమట్టానికి అడుగు కింద. మీరు వెతుకుతున్న ఖాళీ అదే.

కూర్చున్న చోటి నుంచి లేచి ట్యాంకు కింది అలమర తెరిస్తే సంప్ కనిపిస్తుంది. నురగ తీసే స్కిమ్మరు, దాని గిన్నెలో కాఫీ రంగు మడ్డి. ఇంకో అరలో దీపం కింద పెరిగే చిక్కు నాచు. మామ కోయంబత్తూరులో మోటార్ల పని చేసే మనిషి. డి. బాలసుందరం, జి.డి. నాయుడు కలిసి 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన ఊరు అది. వాళ్ళిద్దరూ ఈ కొంగు తెలుగు ఇళ్ళవాళ్ళే. మామ పంపు మీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటాడు. "ఇంపెల్లరుకు సున్నం పట్టుండాది," అని తేలుస్తాడు. స్విచ్చు తీసి, విప్పి, వెనిగర్ గిన్నెలో పడేస్తాడు. పొద్దుగూకేలోపు తెల్లటి పొర కరిగిపోతుంది.

ఈ ఊరి బోరునీళ్ళు సున్నం, ఉప్పు కలిసిన గట్టినీళ్ళు. భవాని మిగులు నీళ్ళను అత్తికడవు–అవినాశి పథకం 2024 నుంచి ఈ చుట్టుపక్కల చెరువుల్లో నింపుతోంది గానీ బోర్లు మెత్తబడడానికి కాలం పడుతుంది. అందుకే మామ బోరునీళ్ళను ఆర్వోలో వడగట్టి, ఇంకో వడపోత పెట్టి, మీటరులో సున్నా చూపించేదాకా ఆగి, అప్పుడు లీటరుకు 35 గ్రాముల సముద్రపు ఉప్పు కలుపుతాడు. బోరునీళ్ళు నేరుగా పోస్తే అందులోని నైట్రేటూ ఫాస్ఫేటూ నాచుకు ఎరువవుతాయి. ఈ గాలికి రోజూ కొన్ని లీటర్లు ఆవిరైపోతాయి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి పోసేది మంచినీళ్ళే.

నీళ్ళలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు మీ చేతికిస్తాడు. గాజు మీద ఒక చుక్క, మూత, వెలుగు వైపు తిప్పి చూస్తారు. నీలం గీత 1.025 మీద ఆగింది. నైట్రేటు పరీక్ష గొట్టం లేత గులాబీ. ఇంకో రెండు చిన్న చేపల మలినాన్ని ఈ నీళ్ళు మోయగలవు. పెద్ద చేపదైతే కష్టం. పెరిగే మేతకు సరిపడా బాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది, ఆ లోపల అమ్మోనియా లేస్తుంది. అందుకే ఒక్కసారి ఒకటి, మహా అయితే ఒక జంట.

తెల్లవారి కోయంబత్తూరు బస్సు ఎక్కుతారు, మీరూ మామా ఆయన కూతురూ. అంగడి సన్నని సందులో ఉంది. లోపల వరసలుగా గాజు అరలు, నీలం దీపాలు, తడి నేల. అమ్మాయి కాళ్ళు నేరుగా ఒక అర ముందు ఆగిపోతాయి. నీలి రంగు మీద నల్ల మెలిక, పసుపు తోక. డోరీ.

2003లో నీమో సినిమా, 2016లో డోరీ సినిమా వచ్చాక ఈ రెండు చేపలను అడగని పిల్లలు లేరు. నీమో విషయంలో ఆ కోరిక తీర్చడం తేలిక, హేచరీలో పుట్టినవి దొరుకుతాయి. డోరీ అలా కాదు. 2016లోనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్లూ టాంగ్‌ను తొట్టెలో పుట్టించి పెంచగలిగారు. అయినా అంగళ్ళకు వచ్చేవి ఎక్కువగా దిబ్బల నుంచి పట్టినవే. ఈ అరలోది మీ బొటనవేలంతే ఉంది. పెరిగితే అడుగు పొడవు. తెరిచిన సముద్రంలో దిబ్బ పొడవునా ఈదే చేప. దీన్ని నాలుగడుగుల గాజు పెట్టెలో పెట్టడం అన్యాయమని నేను ఏ మొహమాటం లేకుండా అంటాను. పైగా తెల్లమచ్చల రోగం దీన్ని పట్టినంతగా మిగతావాటిని పట్టదు.

"వద్దు పాపా," అంటాడు మామ. అమ్మాయి అద్దం మీంచి చెయ్యి తీయదు. ఆయన తొందర పెట్టడు. కాసేపటికి తనే పక్కకు జరుగుతుంది.

పక్క అరలో ఆకుపచ్చ క్రోమిస్‌ల గుంపు, అద్దంలా మెరుస్తూ. గుంపుగా తీసుకోమని అంగడివాళ్ళు అంటారు. ఇంటి ట్యాంకులో ఆ గుంపు నిలవడం అరుదు. బలమైనది బలహీనమైనదాన్ని ఒక్కొక్కటిగా చంపుకుంటూ వచ్చి చివరికి ఒకటో రెండో మిగులుతాయి. సీతాకోక చేపలు చూడముచ్చటగా ఉన్నాయి, కానీ చాలా రకాలకు పగడాల మెత్తటి నోళ్ళే తిండి. ఆరు గీతల రాస్ చురుకైనది, పురుగులను ఏరి తింటుంది, కానీ డామ్సెల్ ఉన్న ట్యాంకులో ఇంకో గుట్ట దొర అవుతుంది. ఫైర్‌ఫిష్ మెత్తనిది, మేలిమి రంగు, కానీ బెదిరితే నీళ్ళలోంచి ఎగిరి నేల మీద పడుతుంది. డామ్సెల్ దాన్ని బెదిరించకుండా ఉండదు.

ఒక మూలన పగడపు కొమ్మలు. ఎండిన తెల్లటివి కాదు, బతికున్నవి. మామ వాటిని చూసీ చూడనట్టు దాటేస్తాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే జాతుల్లో గట్టి పగడాలన్నీ ఉన్నాయి, సీ ఫ్యాన్‌లున్నాయి, సముద్రపు గుర్రాలున్నాయి. అందుకే ఆయన ఇంట్లో లెదర్ కోరల్, మష్రూమ్‌లు, జోవాంథిడ్‌లు లాంటి మెత్తటివి మాత్రమే. రాళ్ళు కూడా సముద్రానివి కావు, సిమెంటుతో చేయించినవి. ఈ విషయంలో ఆయన మాట కాస్త గట్టిగానే ఉంటుంది. మన్నార్ సింధుశాఖలో 21 దీవులను కలిపి 1986లో జాతీయ ఉద్యానం చేశారు. అంతకుముందు దశాబ్దాలపాటు అక్కడి పగడపు రాయిని సున్నానికీ కట్టడాలకూ తవ్వుకుపోయారు. రెండు దీవులు, పూవరసన్‌పట్టి, విలంగుచల్లి, ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. 2016లో నీళ్ళు వేడెక్కి మిగిలిన దిబ్బల్లో పగడాలు తెల్లబోయి చాలా చచ్చాయి. "ఆడ పోయినదాన్ని ఈడ గాజు పెట్టెలో పెట్టుకుని చూడాల్నా?" అంటాడు మామ.

అప్పుడు మీ కంటికి ఆ అర పడుతుంది. దీపానికి దూరంగా ఉన్న దానిలో వెండి రంగు చేపలు అయిదు, నల్లటి నిలువు గీతలు, పొడవాటి చీలిన రెక్కలు, ఒంటి మీద తెల్ల చుక్కలు. కదలవు. నీళ్ళలో వేలాడుతున్నట్టు ఉంటాయి. బంగ్గాయ్ కార్డినల్.

ఈ చేప కథ మిగతావాటిలా కాదు. ఇండోనేషియాలో సులవేసి పక్కన బంగ్గాయ్ దీవుల చుట్టూ తప్ప లోకంలో ఎక్కడా పుట్టలేదు. 1933లో దీనికి శాస్త్రీయ నామం పెట్టి మరిచిపోయారు. 1990లలో చేపల శాస్త్రవేత్త గెరాల్డ్ అలెన్ మళ్ళీ బయటపెట్టాడు. అప్పటినుంచి అక్వేరియం వ్యాపారం దీన్ని లక్షల్లో పట్టుకుపోయింది. 2007లో ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయుసిఎన్ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. ఆడది గుడ్లు పెట్టగానే మగది నోట్లోకి తీసుకుంటుంది. మూడు వారాలు తిండి మానేసి మోస్తుంది. పొదిగిన పిల్లలను కూడా కొన్నాళ్ళు నోట్లోనే ఉంచుకుంటుంది. మిగతా సముద్రపు చేపల్లో చాలావాటి పిల్లలు అలల్లో కొట్టుకుపోయి దూరాన ఎక్కడో స్థిరపడతాయి. ఇవి తండ్రి నోట్లోంచి పుట్టినచోటే దిగుతాయి. అందుకే ఒక దిబ్బ ఖాళీ అయితే పక్క దిబ్బ నుంచి వచ్చి నింపేవి లేవు. ఆ గుణమే దీన్ని తొట్టెలో పెంచడం తేలిక చేసింది. నోట్లోంచి దిగే పిల్ల అప్పటికే ఆర్టీమియా అనే సన్న రొయ్యను తినేంత పెద్దది. హేచరీలో పుట్టినవి దొరికేటప్పుడు సముద్రంలో పట్టినవి కొనడానికి నాకైతే ఏ కారణమూ కనిపించదు. పట్టి తెచ్చిన వాటిలో ఒక వైరస్ కూడా ఎక్కువ, వారాల్లో చంపేస్తుంది.

"ఇవి హేచరీవేనా?" మామ తమిళంలో అడుగుతాడు. అంగడాయన బిల్లు తీసి చూపిస్తాడు.

మామ కుర్చీ అడిగి వేయించుకుని ఆ అర ముందు కూర్చుంటాడు. మీరు నిలబడే ఉంటారు. ఇదే కష్టమైన పని, ఏదీ జరగకపోయినా చూస్తూ ఉండడం. ఈ చేపల్లో ఆడా మగా పైకి చూసి చెప్పడం నమ్మకంగా కుదరదు. రెండు మగవి కలిస్తే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. అయిదింట్లో ఏ రెండు ఒకదాన్ని వదిలి ఒకటి ఉండవో, మూడోది దగ్గరికొస్తే కలిసి తరుముతాయో, అవి జంట. చాలాసేపటికి కనిపిస్తుంది. కుడి పక్క రెండు పక్కపక్కనే చేరి, ఒకటి సన్నగా ఒళ్ళు అదిరిస్తుంది. ఇంకొకటి అటు రాబోతే రెండూ ఒకేసారి దాని మీదికి లేస్తాయి.

"వేసి చూపించండి," అంటాడు మామ. అంగడాయన కరిగించిన మైసిస్ రొయ్యలు చిన్న గొట్టంతో వదులుతాడు. మీరు నోళ్ళను చూస్తారు. అందుకుని మింగాయా, అందుకుని ఉమ్మేశాయా? మింగాయి. చెక్కిళ్ళు ఎంత తొందరగా ఆడుతున్నాయో చూస్తారు. ఎగశ్వాస ఉంటే మొప్పల్లో పురుగు అనుకోవాలి. పొట్ట లోపలికి పోయిందా, కళ్ళ మీద పొర ఉందా, రెక్కల అంచుల్లో తెల్లటి చుక్కలున్నాయా? లేవు. మామ ఒక్క ప్రశ్న అడుగుతాడు, అంగడి నీళ్ళ ఉప్పు ఎంత. 1.020. ఉప్పు ఖర్చు తగ్గడానికీ, పరాన్నజీవులు తగ్గడానికీ చాలా అంగళ్ళలో నీళ్ళు పలుచగానే పెడతారు. ఆ అంకె ఆయన ఫోనులో రాసుకుంటాడు.

రెండు సంచులు, ఒక్కొక్క దానిలో ఒక చేప, సగానికి పైగా ఆక్సిజన్. థర్మాకోల్ పెట్టెలో పెట్టి అమ్మాయి ఒళ్ళో పెట్టుకుంటుంది.

ఇంటికి వచ్చాక చేపలు హాల్లోని ట్యాంకులోకి పోవు. వెనక గదిలో రెండు ప్లాస్టిక్ తొట్టెలు, ఒకదానిలో 1.020 ఉప్పుతో నీళ్ళు సిద్ధం. ఒక గాలి రాయి, ఒక హీటరు, దాక్కోవడానికి ఒక పీవీసీ గొట్టం. ఇసుక లేదు, రాయి లేదు. ఈ తొట్టెల గదిని దాటవేసేవాళ్ళే ఎక్కువ. అయిదేళ్ళు పెంచిన ట్యాంకు ఒక్క వారంలో పోయిందని వినే కథల్లో చాలావాటి మొదలు ఇక్కడే ఉంటుంది.

తెల్లమచ్చల పురుగు, క్రిప్టోకారియాన్, చేప ఒంటి మీద మూడు నుంచి ఏడు రోజులు ఉండి రాలిపోతుంది. నేలను పట్టుకుని గూడు కడుతుంది. ఆ గూడు చాలావరకు నాలుగు వారాల్లోపు పగులుతుంది, కొన్ని 72 రోజుల దాకా ఆగుతాయి. ఒక్క గూట్లోంచి వందల పిల్లలు వచ్చి, ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోవాలి, లేదంటే చస్తాయి. ఆ గూళ్ళు పెద్ద ట్యాంకు ఇసుకలో చేరితే మందు వేయడానికి లేదు, రాగి మందు రొయ్యనూ మెత్తటి పగడాలనూ చంపేస్తుంది. చేపలన్నీ బయటికి తీసి రెండున్నర నెలలు ట్యాంకును ఖాళీగా ఉంచడమే దారి.

మామ చేసేది మందులేని పద్ధతి. మూడు రోజులకు ఒకసారి, అంటే రాలిన గూళ్ళు పగలక ముందే, చేపలను రెండో తొట్టెలోకి మారుస్తాడు. మొదటి తొట్టెను కడిగి ఎండలో పూర్తిగా ఆరబెడతాడు. ఇలా నాలుగు మార్పులు. పురుగు ఉంటే ప్రతి మార్పుకూ వెనకబడి చివరికి చేపలు లేని తొట్టెలో మిగిలిపోతుంది. ప్రతి మార్పులోనూ నీళ్ళ ఉప్పు రవ్వంత పెంచుతాడు. ఉప్పు తగ్గడాన్ని చేప ఓర్చుకుంటుంది. పెరగడం కష్టం, ఒంట్లోని నీటిని ఉప్పు లాగేస్తుంది, మూత్రపిండాలు తట్టుకోవాలి. మొత్తం ఆరు వారాలు. రెండో వారంలో కరెంటు పోతే గాలి మోటారు బ్యాటరీ మీద నడుస్తుంది. మామ రాత్రి లేచి చూసి పడుకుంటాడు.

ఆరు వారాలు నిండిన మూడో రోజు సాయంత్రం మీరు మళ్ళీ అదే కుర్చీలో ఉన్నారు. కుడి పక్క అరుగు ముందు, గాజుకు ఆనించి, చిల్లుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి వేలాడుతోంది. అందులో బంగ్గాయ్ జంట. మూడు రోజులుగా అక్కడే. మొదటి రోజు డామ్సెల్ డబ్బాను గుద్దిందని అవ్వ చెబుతుంది. గంటల తరబడి. క్లౌన్ ఆడది ఒకసారి వచ్చి చూసి పోయింది. రెండో రోజు డామ్సెల్ తిరగడం తగ్గింది. ఈ రోజు మేత వేసినప్పుడు డబ్బా పక్కనుంచి పోయింది కానీ ఆగలేదు.

"ఇప్పుడు ఇడిసేయి," అంటుంది అవ్వ.

మామ ముందు పెద్ద దీపాలు ఆర్పుతాడు. గదిలో మిగిలేది నీలం వెలుగు ఒక్కటే. పాత చేపలకు కడుపునిండా మేత వేస్తాడు. రాళ్ళలో ఒకటి రెండు వేళ్ళంత పక్కకు జరుపుతాడు. డామ్సెల్‌కు తన గుట్ట హద్దులు మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది, ఆ పనిలో ఉంటుంది. అప్పుడు డబ్బా తలుపు తీస్తాడు.

కొంతసేపు ఏమీ జరగదు. పెద్దది ముందు బయటికి వస్తుంది, రెండోది దాని తోక వెంట. రెండూ నేరుగా ఈదవు, పక్కకు జరుగుతాయి. అరుగు నీడలోకి పోయి నిలబడతాయి. డామ్సెల్ వస్తుంది. రెక్కలు విప్పి ఒకసారి ఎదురు నిలుస్తుంది. కార్డినల్‌లు పారిపోవు, ఎదురుపడవు, నీడలో ఇంకొంచెం లోపలికి పోతాయి. తరుముకుపోవడానికి అటు ఏమీ లేదు. డామ్సెల్ తిరిగి తన గుట్టకు పోతుంది. రాత్రంతా ఇంకా రెండు మూడుసార్లు వస్తుందని మామకు తెలుసు. అందుకే ఈ రాత్రి హాల్లోనే చాప వేసుకుంటాడు. గట్టిగా కొడితే తియ్యడానికి చేతి వల పక్కనే పెట్టుకున్నాడు.

మైసిస్ నాలుగు ముక్కలు గొట్టంలో తీసుకుని అరుగు దగ్గర వదులుతాడు. చిన్నది మింగుతుంది. పెద్దది ఇంకా చూస్తోంది.

అమ్మాయి మీ పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఫోనులో ఇంకో చేప బొమ్మ చూపిస్తుంది, నీలం మీద నారింజ మెలికలు. మాండరిన్. "నైనా, దీనికీ చోటుండాది కదా? రాళ్ళ మీద పాకతాది, ఎవురితోనూ పోట్లాడదు."

ఈసారి మామ వద్దని అనడు. "చోటుండాది. బువ్వ ఉండాదా చూడాల." మాండరిన్ మేత కోపిపాడ్‌లు, రాళ్ళ మీద తిరిగే ఆవగింజలో సగంపాటి జీవాలు. పగలంతా ఒక్కొక్కటి ఏరుకుని తింటూనే ఉంటుంది. అవి సరిపడా లేని ట్యాంకులో తెచ్చి వేస్తే చుట్టూ నిండా మేత వేసినా నెలల్లో ఎండి చస్తుంది. దీపాలన్నీ ఆర్పేసి గంట ఆగి, గాజు మీద టార్చి వేసి చూడమంటాడు. ఇలా వారానికి రెండు రాత్రులు, వచ్చే వేసవి దాకా.

అమ్మాయి లేచి టార్చి తెస్తుంది. గాజు మూలలో వెలుగు పడిన చోట తెల్లటి చుక్కలు కొన్ని పక్కకు పరిగెత్తుతాయి. మీరూ వంగి లెక్కపెడతారు. కొన్నే. మామ సంప్ అరలోని చిక్కు నాచు గుప్పెడు తీసి, వంటింట్లోంచి తెచ్చిన పెద్ద గాజు సీసాలో ట్యాంకు నీళ్ళతో సహా వేస్తాడు. గాలి గొట్టం ఒకటి అందులోకి దించుతాడు. కోపిపాడ్‌లను విడిగా పెంచడానికి అది మొదటి సీసా. అమ్మాయి ఈ రోజు తేదీ కాగితం మీద రాసి దానికి అంటిస్తుంది.